గండికోట నిధి: అపోహలు – వాస్తవాలు

కడప, కర్నూలు జిల్లాల్లో పాడుబడిన గుళ్ళలోకి వెళ్ళి చూడండి. పొట్ట పగిలిన నంది, పీఠం నుంచి పెకలించి పడేసిన లింగం, పక్కనే మనిషి లోతు గుంత, గుంత అంచున ఎండిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. ఇది ఏ శత్రు సైన్యమో చేసింది కాదు. నిధి ఉందని నమ్మిన మనవాళ్ళు చేసిందే.

అపోహ: గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దండెత్తి వచ్చినప్పుడు గండికోటను ఏలుతున్న పెమ్మసాని నాయకులు బంగారాన్ని గుళ్ళ కింద పాతిపెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

వాస్తవం: పాతిపెట్టాలంటే ముందు ఉండాలి కదా! 1565 యుద్ధంలో ఓడాక, ఈ నాయకుల ఏలికలైన విజయనగర రాజుల రాజధాని పెనుకొండకు, చంద్రగిరికి, వేలూరుకు జరుగుతూ పోయింది. 1642లో గద్దెనెక్కిన మూడో శ్రీరంగరాయల మీద సొంత నాయకులే తిరగబడ్డారు. అలాంటి రోజుల్లో కోట కాసేవాడి చేతికొచ్చిన సొమ్ము సిపాయిల జీతాలకు, మందుగుండుకు, తిండిగింజలకే చాలదు. గండికోట ధాన్యాగారం ఎంత పెద్దదో చూస్తే ముట్టడిలో దేనికి విలువో తెలుస్తుంది.

మీర్ జుమ్లా కూడా దోచుకుని మర్నాడే గుర్రమెక్కి పోయే మొరటు దండనాయకుడు కాడు. ఇరాన్ నుంచి వచ్చి వజ్రాల వ్యాపారంలో ఆరితేరి, గోల్కొండ సుల్తాను కొలువులో పైకెదిగినవాడు. 1650ల మొదట్లో కోట పట్టుకుని ఇక్కడ పాతుకుపోయాడు. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియర్ గండికోటకు వచ్చి అతణ్ణి కలిశాడు. ఫిరంగులు పోయించడానికి మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలను పోగుచేయించాడని రాశాడు. విగ్రహంలోని రాగినే వదలనివాడు దాని కింద బంగారాన్ని మనకోసం వదిలిపెడతాడా?

ఇలాగే నిధి ఉందన్న నమ్మకంతో 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే తవ్వారు. నిధి బయటపడలేదు.

అపోహ: విగ్రహం కింద బంగారం ఉంటుంది.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది, ఒప్పుకోక తప్పదు. ప్రతిష్ఠనాడు పీఠం కింద యంత్రంతో పాటు నవరత్నాలు, పిసరంత బంగారం, నవధాన్యాలు వేసే ఆచారం ఉంది. అదంతా కలిపినా గుప్పెడు కాదు. దానికోసం వందల ఏళ్ళ గుడిని కూల్చడం పాపం, నేరం కూడా.

మిగతావి: నంది పొట్టలో వజ్రాలుండవు, ఒకే రాయిలో చెక్కినదాంట్లో లోపలా రాయే. కృష్ణదేవరాయలు మీర్ జుమ్లాకు భయపడి నిధి దాచాడన్న మాట నిజం కాదు. ఆయన 1529లోనే పోయాడు. కర్నూలు కొండారెడ్డి బురుజు నుంచి తుంగభద్ర కిందుగా గద్వాలకు సొరంగం ఉందనడానికి ఆధారం లేదు. తొలకరికి జొన్నగిరి చేలల్లో దొరికే వజ్రాలు రాజులు పారబోసినవి కావు, నేలలోవే. వాన కడిగితే బయటపడతాయి.

అంజనం వేసి నిధి చూపిస్తాననే స్వామికి రూపాయి ఇవ్వకండి. కూలికి ఆశపడి అర్ధరాత్రి గునపం పట్టే పిల్లల్ని ఆపండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. ముందు దొరికిపోయేది ఆ పిల్లలే. మీ పొలంలో నాగలికి పాత నాణేల ముంత తగిలితే దాచకుండా తహసీల్దారుకు చెప్పండి. హక్కుదారు లేడని తేలితే, దొరికినవారికీ భూమి యజమానికీ 1878 నాటి చట్టంలోనే వాటా ఉంది. ఊరి గుడిలో కొత్త గుంత కనబడితే అదే రోజు 112కు ఫోన్ చేయండి. తవ్వినవాళ్ళు మళ్ళీ వస్తారు.