పాయింటు కుదరని వేళ

హైదరాబాదులో అమీర్‌పేట నుండి రాయదుర్గము పోవు మెట్రో బండి నడుమదారిలో నిలిచిపోయినప్పుడు ప్రయాణికులు ఇంజనునో, నడుపువానినో నిందింతురు గాని, దోషము పెక్కుమార్లు చక్రముల క్రిందనే దాగియుండునని తలంపరు. బండి నడుపువాడు వేగమును పెంచగలడు, తగ్గింపగలడు, నిలుపగలడు. దారి మార్చుట మాత్ర మాతని చేతిలో లేదు. ఆ పని పట్టాలలో అమర్చిన పాయింట్లది. మొన సన్నగా చెక్కిన రెండు కదలుపట్టాలను విద్యున్మోటారొకటి ప్రక్కకు జరిపి, స్థిరమైన పట్టాకు ఆనించి, తాళము వేయును. తాళము పడినదన్న రుజువు అందిన పిమ్మటనే సిగ్నలు లభించును. మెట్రోలో ఈ వర్తమానమంతయు ఉప్పల్ డిపోలోని నియంత్రణ కేంద్రమునకు చేరుచుండును.

భారతీయ రైల్వేలో ఈ పాయింట్లను పరీక్షించు తీరు చూడదగినది. సిబ్బంది 5 మిల్లీమీటర్ల మందము గల యినుపముక్కను కదలుపట్టా మొనకు చేరువగా, రెండు పట్టాల సందున ఉంచి మోటారును త్రిప్పుదురు. అప్పుడు తాళము పడరాదు, సిగ్నలు రారాదు. వచ్చినచో ఆ యంత్రమును నమ్మరాదు. చిటికెనవ్రేలి మందమైన లేని ఆ యెడమునకే సిగ్నలు ఎఱ్ఱగా నిలిచిపోవలెనన్నమాట! కంకరరాయి యొకటి సందున చిక్కినను జరుగున దిదియే. అంతట సిబ్బంది పరుగున పోయి, క్రాంక్ హ్యాండిల్‌తో పాయింటును చేత త్రిప్పి, క్లాంపు బిగించి, ప్యాడ్‌లాకు వేయుదురు. లోకో పైలట్‌నకు అనుమతిని కాగితముపై వ్రాసియిచ్చి బండిని మెల్లగా సాగనంపుదురు. మెట్రో వంతెనపై కంకర లేదు, కాంక్రీటే. కనుక అచ్చటి దోషమును మోటారులోనో తీగలలోనో వెదకవలసియుండును.

యంత్రము తన యశక్తతను ఒప్పుకొని ఆగిపోవుట మనకు విసుగు పుట్టించును. కాని 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ వద్ద జరిగిన ప్రమాదము దీనికి విపరీతము: కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌నకు మెయిన్ లైను సిగ్నలు పచ్చగా వెలుగుచుండగా పాయింటు ప్రక్కదారియైన లూప్ లైనువైపు తిరిగియుండెను. సిగ్నలు సర్క్యూట్లను మార్చుటలో జరిగిన లోపములే అందులకు కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలినది; 290 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆఫీసునకు గంట ఆలస్యమైన వాడు, ఆగిపోవుటే మేలను ఈ మాట వినుటకు ఇష్టపడడనుట నే నెఱుగుదును.

అయినను, ఒక్క పాయింటు చెడినంతమాత్రమున మార్గమంతయు ఏల స్తంభింపవలె? దీనికి సమాధానమును హైటెక్ సిటీ మెట్రో తొలినాళ్లే చెప్పుచున్నవి. 2019 మార్చి 20న అమీర్‌పేట, హైటెక్ సిటీల నడుమ రాకపోకలు ఆరంభమైనప్పుడు, చివరి స్టేషనునకు ఆవల బండిని వెనుకకు మరల్చు పాయింట్ల సదుపాయము ఇంకను సిద్ధము కాలేదు. అందువలన జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుండి హైటెక్ సిటీ వరకు గల జంట లైన్లను రెండు వేర్వేరు ఏకమార్గములుగా వాడిరి: ఏ పట్టాపై పోయిన బండి ఆ పట్టాపైననే తిరిగిరావలెను, అది వచ్చి దారి వదలునంతవరకు వెనుకబండి చెక్‌పోస్టు వద్ద వేచియుండవలెను. లైన్లు రెండు, బండ్లు కొత్తవి, సిగ్నలు వ్యవస్థ అధునాతనము. మరలుటకు చోటు లేకపోవుటచే బండికిని బండికిని నడుమ వ్యవధి పెరిగినది. కొన్ని నెలలకు ఆ సదుపాయము ఏర్పడి ఆ వ్యవధి తగ్గినది. 2019 నవంబరు 29న మార్గము రాయదుర్గము వరకు సాగినది. నాడు నిర్మాణదశలో కలిగిన యిబ్బందినే నేడు చెడిన పాయింటు ఏ ఉదయముననైనను మరల తెచ్చిపెట్టగలదు. దారి మార్చు చోట్లు ఎంత యెడముగా నున్న, నిలిచిపోవు భాగమంత దీర్ఘమగును.

ఇక మెట్రో ఆగినను, 2003 నుండి నడచుచున్న నగరపు లోకల్ రైలు ఎంఎంటీఎస్ ఉన్నది గదా యందురు. ఆ బండ్లు దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు నడచు సికింద్రాబాదు–వాడి మార్గమునే పంచుకొనును గనుక, లింగంపల్లిలో పాయింటు మొండికేసిన రెండింటికిని తిప్పలే. పైగా ఎంఎంటీఎస్ వారి హైటెక్ సిటీ వేరు, మెట్రో వారి హైటెక్ సిటీ వేరు. పేరొక్కటే గాని, మెట్రో ఆగినదని దిగి, బ్యాగు భుజాన వేసికొని రెండవదానికి నడచిపోవుదమన్న అది కొన్ని కిలోమీటర్ల దూరమున, కూకట్‌పల్లి వైపు ఫ్లైఓవరు చెంత నున్నది.