డింగిల్‌లో దిగితే బస ఎక్కడ?

డేవిడ్ లీన్ పేరు చెప్పగానే మీకు చప్పున గుర్తొచ్చేవి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’, ‘డాక్టర్ జివాగో’. ఆ రెండూ అయ్యాక ఆయన తీసిన చిత్రం ‘రయాన్స్ డాటర్’. 1970లో విడుదలైంది. విమర్శకులు దాన్ని చీల్చి చెండాడారు. లీన్ నుంచి మళ్ళీ వెండితెర చిత్రం రావడానికి 14 ఏళ్ళు పట్టింది. అదే 1984 నాటి ‘ఎ పాసేజ్ టు ఇండియా’. అందులో చాలా భాగం మన బెంగుళూరు పరిసరాల్లోనే తీశారు.

అంత తిట్టినవాళ్ళు కూడా కాదనలేకపోయినవి రెండున్నాయి. ఒకటి ఫ్రెడ్డీ యంగ్ ఛాయాగ్రహణం, రెండోది మాట పలకని మైకేల్‌గా జాన్ మిల్స్ నటన. ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి. తెరమీద ఆ సముద్రం, ఆ ఇసుక, ఆ పచ్చటి కొండలు చూసి ‘ఆహా, ఒక్కసారి అక్కడికి వెళ్ళాలి’ అనుకోని ప్రేక్షకుడు వుండడేమో!

అక్కడంటే ఎక్కడ? ఐర్లండ్‌కి నైరుతి మూల, కెర్రీ కౌంటీలో డింగిల్. జనాభా రెండువేలకి అటూ ఇటూ. ఒక రేవు, చేపల పడవలు, రంగురంగుల ఇళ్ళు. ఆ చుట్టుపక్కల ఐరిష్ భాష ఇంకా బతికి వుంది. ‘ఇంత చిన్న వూళ్ళో ఎక్కడ దిగితే ఏముందిలే’ అనుకుంటున్నారా? అక్కడే వుంది కిటుకు! వూరు చిన్నదేగాని లొకేషన్లు మాత్రం చెల్లాచెదురుగా వున్నాయి. బస ఎంపికలో తేడా వస్తే లొకేషన్ చూడ్డానికి పోయి బస్‌స్టాప్ చూసి రావాల్సి వస్తుంది.

సెట్టు పక్కనే వుందామా?

మా పిన్ని కొడుకు లిమరిక్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఇప్పుడు ఐర్లండ్‌లో చదువుకునే మన తెలుగు పిల్లలు బోలెడంతమంది లెండి. నేను వెళ్ళినప్పుడు ఇద్దరం డింగిల్ ప్రయాణం కట్టాం.

‘అన్నయ్యా, సినిమాలో పల్లెటూరు సెట్టు వేసింది డన్‌క్విన్ దగ్గరట. అక్కడే గది తీసుకుందాం’ అన్నాడు వాడు.

‘ఒరేయ్, ఆ సెట్టు ఇప్పుడెక్కడుందిరా!’ అన్నాను.

నిజమే మరి. కథ కోసం లీన్ అక్కడ కొండవాలు మీద కిరారీ అనే పల్లెటూరినే కట్టించాడు. అట్టముక్కలతో కాదు, రాళ్ళతో! షూటింగ్ 1969లో మొదలై నెలల తరబడి సాగింది. అంతా అయ్యాక వూరిని తీసేశారు. అవతల సముద్రం అంచున కట్టిన బడి మాత్రం మొండి గోడలతో మిగిలింది. అందులోనే మాస్టారుగా రాబర్ట్ మిచమ్, ఆయన భార్య రోజీగా శారా మైల్స్ కనిపిస్తారు.

డన్‌క్విన్ డింగిల్‌కి పడమరగా సుమారు 18 కిలోమీటర్లు. ఎదురుగా బ్లాస్కెట్ దీవులు. అక్కడి చివరి కుటుంబాలను 1953లో ఖాళీ చేయించి ఒడ్డుకి చేర్చారు. గాలి, అలలు, గొర్రెలు, ఆకాశం... కవులకి స్వర్గమే! కాని బస్సులు తక్కువ, తినడానికి చోట్లు తక్కువ. చేతిలో కారుంటే, నిశ్శబ్దం కావాలనుకుంటే అక్కడ వుండండి. లేకపోతే సాయంత్రం ఆరయ్యాక ఆకలికి గొర్రెలతో పాటు గడ్డి కొరకాల్సిందే.

హీరోగారి విడిది

డింగిల్ రేవుకి అవతలి ఒడ్డున మిల్‌టౌన్. వూళ్ళోంచి కిలోమీటరున్నర నడక. షూటింగ్ రోజుల్లో మిచమ్ అక్కడి మిల్‌టౌన్ హౌస్‌లో మకాం పెట్టాడు. తర్వాతి కాలంలో అది అతిథిగృహమైంది. హీరోగారు పడుకున్న ఇల్లంటే అభిమానులు ఆగుతారా?

ఈ వైపు బసకి ఒక సుఖముంది. కిటికీలోంచి నీళ్ళూ పడవలూ కనిపిస్తాయి, పబ్బుల హోరు వినిపించదు. కష్టమల్లా రాత్రివేళ తిరిగి నడిచి రావడమే. అట్లాంటిక్ వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతుంది! గొడుగు పట్టుకున్నవాడు గొడుగు వెనకాల పరుగెత్తాల్సి వస్తుంది. గొడుగు మానేసి మంచి రెయిన్‌కోటు పెట్టుకోండి.

నడివూళ్ళో గది

మేం చివరికి నడివూరికే ఓటు వేశాం. కారణం సింపుల్: మాకు కారు లేదు. రైలు ట్రాలీ దాకానే వస్తుంది. అక్కడినుంచి బస్సులో సుమారు 50 కిలోమీటర్లు, గంట పైచిలుకు. దిగినచోటునుంచి పెట్టె ఈడ్చుకుంటూ గదికి చేరగలగాలి. పొద్దున్నే స్లే హెడ్ చుట్టి వచ్చే టూరు బండ్లు కూడా వూళ్ళోంచే బయలుదేరతాయి.

సాయంత్రాలు ఇక చెప్పక్కర్లేదు. ఫాక్సీ జాన్స్‌లో ఒక పక్క మేకులూ సుత్తులూ అమ్ముతారు, మరో పక్క బీరు పోస్తారు! గ్రీన్ స్ట్రీట్‌లో డిక్ మాక్స్ ఒకప్పుడు చెప్పులు కుట్టే కొట్టు కూడా. ఫిడేలు మొదలైతే కదలబుద్ధి కాదు. అందుకే గది బుక్ చేసేటప్పుడు ‘వీధివైపా, పెరటివైపా?’ అని అడగండి. పబ్బు పైన గదిలో నిద్రంటే అర్ధరాత్రి దాకా ఫ్రీ కచేరీ అన్నమాట.

డబ్బు తక్కువైన కుర్రకారుకి హాస్టల్ పడక మేలు. లేదంటే ‘బి అండ్ బి’. అంటే ఒక కుటుంబం తమ ఇంట్లోనే గదిచ్చి పొద్దున్న ఫలహారం పెట్టడం. వేసవిలో ఇద్దరికి గది అద్దె నూరు యూరోలు దాటడం మామూలే. జూలై, ఆగస్టుల్లో చెప్పాపెట్టకుండా దిగితే గది దొరకదు. చలికాలంలో చాలా ఇళ్ళు బోర్డు తిప్పేస్తాయి. మే, సెప్టెంబరు నెలలు మధ్యేమార్గం.

ఇంకో ముక్క. వాళ్ళ ఫలహారంలో గుడ్లతోపాటు పందిమాంసం ముక్కలు, సాసేజీలు వుంటాయి. నల్లగా గుండ్రంగా వుండేది పంది రక్తంతో చేసిన పుడ్డింగు. శాకాహారులు ముందురోజు రాత్రే చెప్పాలి. చెబితే ఏమీ అనుకోరు, పుట్టగొడుగులూ టమాటాలూ వేయించి పెడతారు. మా ఆతిథ్యమిచ్చినావిడ టోస్టు మీద టోస్టు వేస్తూ ‘ఇంకా తినాలి’ అని బలవంతం చేసింది. మా పెద్దమ్మే గుర్తొచ్చింది!

తాళంచెవి ఎవరిస్తున్నారు?

సినీ అభిమానులు ఆలోచించాల్సిన సంగతి ఇది. 1969లో యూనిట్ దిగినప్పుడు ఈ ప్రాంతం బీదది. వలసలతో ఇళ్ళు ఖాళీ అవుతున్న రోజులు. సినిమావాళ్ళకి గదులిచ్చి, ఎక్స్‌ట్రాలుగా నిలబడి, రాళ్ళు మోసి జనం నాలుగు డబ్బులు కళ్ళచూశారు. ఆ సినిమాతోనే బయటి ప్రపంచానికి డింగిల్ దారి తెలిసింది. ఆ తర్వాత ఫంగీ అనే డాల్ఫిన్ 1983 నుంచి 2020 దాకా రేవులో స్టార్‌లా వెలిగి జనాన్ని లాక్కొచ్చింది. 1992లో టామ్ క్రూజ్ ‘ఫార్ అండ్ అవే’, 2017లో ‘స్టార్ వార్స్: ది లాస్ట్ జెడాయ్’ కూడా ఈ తీరాన్ని తెరకెక్కించినవే.

ఇప్పుడు కథ తిరగబడింది. మొత్తం ఐర్లండ్‌లోనే అద్దె ఇళ్ళకి కటకట. యాత్రికులకి రోజువారీ ఇస్తే వచ్చే డబ్బు నెలవారీ అద్దెకి రాదు. దాంతో ఇలాంటి సముద్రపు వూళ్ళలో తాళం వేసిన ఇళ్ళు వేసవిలో యాత్రికులకే తెరుచుకుంటాయి. అక్కడే పుట్టిన కుర్రాడికి, హోటల్లో పనిచేసే పిల్లకి ఇల్లు దొరకదు. వాళ్ళు వెళ్ళిపోతే ఫిడేలు ఎవరు వాయిస్తారు? ఐరిష్ ఎవరు మాట్లాడతారు? వీధులుంటాయి, రంగులుంటాయి, మనుషులు మాత్రం వుండరు. లీన్ కట్టించిన కిరారీలాగే అదీ ఒక సెట్టవుతుంది!

డింగిల్‌లో 1919 నుంచి నడిచిన ఫీనిక్స్ సినిమా హాలు 2021లో మూతపడింది. సినిమా వల్ల పేరొచ్చిన వూళ్ళోనే సినిమా హాలు మూతపడిందంటే ఎలా వుంటుందో మనలాంటివాళ్ళకి వేరే చెప్పాలా?

కాబట్టి నా ఓటు, మనిషి చేతిలోంచి తాళంచెవి అందుకునే ఇంటికే. తలుపు పక్కన డబ్బాలో నంబరు నొక్కి తీసుకునే తాళంచెవికి కాదు. ఇంటివాళ్ళు అదే కప్పు కింద వున్నచోట దిగితే మీ డబ్బు ఆ వూళ్ళోనే వుంటుంది, ‘మీ నాన్నగారు రయాన్స్ డాటర్‌లో నిలబడ్డారా అండీ?’ అని అడగడానికి ఒక మనిషీ వుంటుంది. అడిగి చూడండి, చల్లారిన టీ రెండోసారి పెట్టాల్సి వస్తుంది!