సత్రంలో విస్తరి

ఏం తల్లీ, ముఖం అలా వేలాడేశావు? ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన సైటు సర్వర్ ఎక్కించగానే మొరాయించిందా? ఇలా వచ్చి కూచో. నీ లాజిక్‌లో తప్పేం లేదు, నేను చూశాను. కోడ్ రాయడం ఒక పని, దాన్ని నలుగురూ చూసే చోట నిలబెట్టడం ఇంకో పని. ఆ రెండోది ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది.

ముందు పీహెచ్‌పీ సంగతి చెబుతాను. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్, 1994లో తన సొంత పేజీకి ఎవరెవరు వస్తున్నారో తెలుసుకోడానికి రాసుకున్న చిన్న పనిముట్లు అవి. మరుసటి ఏడాది అందరికీ ఇచ్చేశాడు. దాంతో సైటు పెట్టాలంటే ఒక ఫైలు రాసి, సర్వర్‌లో పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డర్‌లో వేసి, బ్రౌజర్‌లో రిఫ్రెష్ కొడితే చాలు. తప్పు కనబడితే ఆ ఒక్క లైనూ దిద్ది మళ్ళీ వేస్తావు. దేన్నీ ఆపి, మళ్ళీ మొదలుపెట్టక్కర్లేదు.

ఎందుకంత సులువో తెలుసా? సత్రం భోజనం లాంటిదది. వచ్చినవాళ్ళకి విస్తరి వేస్తారు, తిని లేవగానే ఎత్తేస్తారు. ఎవరైనా పేజీ అడిగితే సర్వర్ నీ ఫైలుని మొదటినుంచీ నడిపి, పేజీ పంపించి, అంతా మరిచిపోతుంది. నీ ప్రోగ్రాము పొరపాటున మెమరీ ఎక్కువ వాడేసినా అది ఆ విస్తరితోనే పోతుంది. అడిగేవాళ్ళు లేనప్పుడు నీ సైటు మెషీన్ మీద బరువే కాదు. అందుకే ఒకే మెషీన్‌లో వందల మంది సైట్లు పెట్టి చవగ్గా ఇవ్వగలిగారు. 2003లో వచ్చిన, పీహెచ్‌పీలోనే రాసిన వర్డ్‌ప్రెస్ అంతలా పాకిపోడానికి ఈ చవకే పెద్ద కారణమని నా నమ్మకం.

నువ్వు పైథాన్‌లో జాంగో వాడి రాసిన సైటు అలా కాదు. అది ఒకసారి లేస్తే మెలకువగానే ఉండాలి. దాన్ని నడపడానికి గునికార్న్, వాకిట్లో నిలబడి వచ్చినవాళ్ళని లోపలికి పంపడానికి ఎన్‌జినెక్స్, పడిపోతే లేపడానికి మరొకటి కావాలి. నువ్వు వాడిన లైబ్రరీలన్నీ అక్కడా ఉండాలి. ఇంత చాకిరీకి ఫలం లేకపోలేదు: ప్రతిసారీ మొదటినుంచీ లేవక్కర్లేదు, డేటాబేస్ కనెక్షన్ తెరిచే ఉంచుకోవచ్చు.

జావాలోనూ అంతే, టామ్‌క్యాట్ లాంటి సర్వర్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. 2009లో గూగుల్ బయటపెట్టిన గో భాష మాత్రం నాకు భలే ఇష్టం. ప్రోగ్రామూ, లైబ్రరీలూ, వెబ్ సర్వరూ అన్నీ కలిపి ఒక్క ఫైలు చేసి ఇస్తుంది. ప్రయాణానికి కట్టిన పులిహోర పొట్లంలా పట్టుకెళ్ళి అక్కడ విప్పడమే. 2013లో డాకర్ అనే పనిముట్టు వచ్చాక ఏ భాషనైనా దాదాపు అలాగే మూటగట్టే వీలు కలిగింది. కానీ మొదటి సైటు పెట్టేవాళ్ళకి ఇప్పటికీ పీహెచ్‌పీయే సులువని నేనంటాను.

సరే, నీ లాగ్ తెరువు. చివరి లైను చూడు, పిల్లో అనే లైబ్రరీ లేదంటోంది. ఫొటోల కోసం నీ ల్యాప్‌టాప్‌లో వేసుకున్నావు, రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో రాయలేదు. ఆ పేరు చేర్చి మళ్ళీ ఎక్కించు తల్లీ, నేనిక్కడే కూచుంటాను.