వరిగడ్డి వ్యాపారంలో కట్ట లెక్క

మాక్లూర్: వరిగడ్డిని పసుపుతో పాటు సరుకుగా ఎంచే అలవాటు ఈ ప్రాంతపు వర్తకులకు మొదటి నుండి లేదు. రైతు ఇంటి పశువులకు పోగా మిగిలిన గడ్డి పక్క ఊళ్లకు బండ్ల మీద పోయేది. వాము చుట్టూ తిరిగి, ఒక గుప్పెడు లాగి చూచి, కంటి అంచనాతో బేరం తెగేది. ఇప్పుడు కోత మిషను పోయిన మడిలోకి బేలరు వచ్చి గడ్డిని కట్టలుగా చుట్టి పడవేస్తున్నది. దానితో సరుకుకు ఒక లెక్క ఏర్పడినది. కాని ఆ లెక్క తూకం కాదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

వరిని కొడవలితో మొదలంటా కోసి, కల్లంలో కొట్టి, లేదా పశువులతో బంతి తొక్కించి గింజ రాల్చిన రోజుల్లో వాము వేయడం ఒక నేర్పు. అడుగున రాళ్లో కట్టెలో పరచి చెద పట్టకుండా చూసేవారు. పైన వాలుగా దువ్వి వాననీరు జారిపోయేట్టు చేసేవారు. పైపొర నల్లబడినా లోపలి గడ్డి చెడేది కాదు. అయితే విడిగడ్డి ఎత్తితే బండి నిండుతుంది గాని బరువు తూగదు. అందుచేతనే అది దూరపు సరుకు కాలేదు.

హార్వెస్టరు వచ్చాక గడ్డి మడిలోనే పడిపోయింది. ఎత్తడానికి కూలీలు దొరకక, తరువాతి పంట తొందరలో చాలామంది నిప్పు పెట్టారు. బేలరు తీర్చినది ఈ ఇబ్బందినే. యంత్రం కొత్తది కాదు. గుండ్రంగా చుట్టే బేలరుకు అమెరికాలో లూబెన్ సోదరులు 1910లో పేటెంటు పొందగా, 1947లో అల్లిస్-చామర్స్ కంపెనీ దానిని విరివిగా అమ్మకానికి తెచ్చినది. 1971లో వెర్మీర్ కంపెనీ భారీ కట్టల యంత్రం తెచ్చినది. మన మళ్లలో ట్రాక్టరు వెనుక తిరిగేది చిన్న రకం. దాని కట్ట సుమారు 2 అడుగుల లావు, 3 అడుగుల పొడవు ఉంటుంది.

బేలరు యజమానికి కూలి కట్టకు ఇంత చొప్పున ముడుతుంది. కట్ట వదులుగా చుడితే అదే మడిలో కట్టలు ఎక్కువ తేలుతాయి, అతని ఆదాయం పెరుగుతుంది. నష్టం కొనేవానిది. 200 కట్టల లోడు, కట్ట 15 కిలోలైతే 30 క్వింటాళ్లు, 22 కిలోలైతే 44 క్వింటాళ్లు. లారీ కిరాయి మాత్రం ఒక్కటే. పసుపులో కాడి వేరు, గోళ వేరు అని పట్టి పట్టి చూచే వర్తకుడు గడ్డి దగ్గరకు వచ్చేసరికి కట్టలు ఎంచి డబ్బు ఇవ్వడం ఆశ్చర్యమే.

తేమ సంగతి ఇంకా ముఖ్యం. 25 శాతం తేమ గల 20 కిలోల కట్టలో ఎండు సరుకు 15 కిలోలే. అది 15 శాతానికి ఆరితే సుమారు 17.6 కిలోలకు దిగుతుంది. నూరు కట్టల మీద 235 కిలోలకు పైగా తరుగు అన్నమాట. తరుగు ఒకటే అయితే ధరలో సర్దుకోవచ్చు. తేమ 20 శాతం దాటిన గడ్డిని బిగించి చుట్టి నిట్టు వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది, పశువు ముట్టదు. పెద్ద నిట్టులో నిప్పు రాజుకునే ప్రమాదమూ కలదు. వాములో గాలి ఆడేది. బిగించిన కట్టలో ఆడదు.

వానాకాలపు గడ్డి మంచు మీద, అకాల వానల మధ్య కట్టబడుతుంది గనుక ఈ బెడద దానికే ఎక్కువ. యాసంగి గడ్డి ఎండల్లో బాగా ఆరుతుంది, నిల్వకు నమ్మదగినది. పొద్దెక్కి మంచు ఆరిన తరువాతనే బేలరు దింపాలని బేరంలోనే చెప్పుకోవడం మేలు. లోడు ఎత్తేముందు అక్కడక్కడి నుండి 10 కట్టలు తూచి సగటు తీసి, ఒకటి రెండు కోసి నడుమ చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా తగిలినా, పుల్లని వాసన వచ్చినా ఆ రోజు ఎత్తరాదు. తాడు ముక్కలు గడ్డితో పాటు పశువు కడుపులోకి పోతే ప్రమాదం కనుక, డెయిరీలకు పంపే సరుకులో తెగిన తాళ్ల కట్టలను వేరు చేయడం అవసరం.