బూట్‌లోడరు ఎచ్చట ఆగెను?

నెల్లూరు నుండి ఉదయగిరికి బయలుదేరిన బాటసారి ఆత్మకూరులోనే చిక్కుకొనినచో దుర్గమును నిందింపము గదా! దారి ఎచ్చట తెగెనో విచారింతుము. నెట్‌వర్కు ద్వారా మేల్కొనవలసిన సర్వరు విషయమును ఇట్టిదే. ఆ విచారణ లేక, చక్కని యంత్రమును మరమ్మతుకని బస్సెక్కించి నెల్లూరికి పంపుట వృథా వ్యయము.

డిస్కులో ఏమియు లేని సర్వరు మొదట డిహెచ్‌సిపి అను సేవను తన చిరునామా అడుగును. బూట్‌లోడరు ఫైలు పేరును, అది యుండు చోటును అప్పుడే తెలియును. పిమ్మట టిఎఫ్‌టిపి పద్ధతిని ఆ ఫైలును తెచ్చుకొనును. 1999లో ఇంటెల్ సంస్థ వెలువరించిన పిఎక్స్‌ఇ 2.1 చెప్పిన క్రమమిదియే.

చిరునామాయే రానిచో తీగను, స్విచ్చిని, డిహెచ్‌సిపిని చూడుడు. అది వచ్చియు ఫైలు రానిచో ఫైలు పేరును, ఫైర్‌వాలును శంకింపుడు. అభ్యర్థన 69వ పోర్టునకు పోవును గాని, జవాబు వేరొక పోర్టు నుండి వచ్చును. 69ని మాత్రమే తెరచి మేమును ఒకనాడు నిశ్చింతగా కూర్చుంటిమి!

ఫైలు చేరియు యంత్రము కదలకుండుటయే అసలు చిక్కు. పాత బయాసునకు వ్రాసిన బూట్‌లోడరును యూఇఎఫ్‌ఐ పద్ధతిలో లేచు యంత్రము నడపజాలదు. సెక్యూర్ బూట్ అమలులో నున్నచో, నమ్మదగిన సంతకము లేని ఫైలును త్రోసిపుచ్చును. తెరపై ‘గ్రబ్’ అను మాట మాత్రమే నిలిచినచో కొంత ఊరట: బూట్‌లోడరు వచ్చినది, దాని అమరికల ఫైలు దొరకలేదు. అది వెదకు చోటనే ఆ ఫైలు నుంచి, యంత్రమును మరల ప్రారంభింపవలెను.