సైనైడ్ దిబ్బ మీద కెమెరా

కుప్పంలో రైలెక్కి, బంగారుపేటలో మారి, మారికుప్పం దాకా పోతే కేజీఎఫ్. మా వాడలో ముసలోళ్ళు 'కోలారుకి పోయినోడు' అంటే రెండర్థాలుండేవి: నెలనెలా జీతం పంపేవాడు, దగ్గుతా తిరిగొచ్చినవాడు.

రైలు దిగినోడికి ముందు కనిపించేది తెల్లటి దిబ్బలు. రాయిని పిండి చేసి సైనైడ్ నీళ్ళలో కలిపితే బంగారం కరిగి నీళ్ళలోకొస్తుంది. మిగిలిన బురదని 120 ఏళ్ళపాటు ఊరి పక్కనే పోశారు. అదే మూడు కోట్ల టన్నులు దాటింది. ఎండాకాలం గాలికి ఆ పొడి ఇళ్ళలోకొస్తుంది. వానకోతలు పడిన ఆ దిబ్బలు కెమెరాకి మహా అందం. అందుకే వాటి మీద సినిమా పాటలు తీశారు. కవితాత్మక డాక్యుమెంటరీకి ఉన్న చిక్కు కూడా ఇదే. పొడవాటి షాటు, గాలి చప్పుడు, మౌనం. ఆ మౌనం ఎవరిదని అడిగామా, అందం చెదిరిపోతుంది. 1933లో బెల్జియం బొగ్గుగని కార్మికుల మీద సినిమా తీసిన జోరిస్ ఇవెన్స్, ఆన్రి స్టోర్క్‌లు అందమైన షాట్లని కావాలనే మానుకున్నారు.

అయితే కోలారులో కవిత్వం వద్దనలేం. ఎందుకంటే అసలు సాక్ష్యం నేల కింద ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టిన గనులు మూడు కిలోమీటర్ల పైన లోతుకి పోయాయి. ఆ అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలేది. లోపల పనిచేసినవాళ్ళు ఎక్కువమంది దళితులు, ఉత్తర ఆర్కాటు నుంచీ మా చిత్తూరు వైపు నుంచీ పోయినోళ్ళు. 1930లో వేలిముద్రలు తీస్తామంటే సమ్మె కట్టింది వీళ్ళే. ఇంగ్లీషు దొర బంగళా ఫొటోలు దొరికినంత తేలిగ్గా వీళ్ళ ఫొటోలు దొరకవు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక నీళ్ళు తోడటం ఆగింది, సొరంగాలు మునిగిపోయాయి. ఇక చూపించడానికేముంది? కూలి లైన్లలో ఉండిపోయిన ముసలివాళ్ళ గొంతు, ఊపిరితిత్తుల ఎక్స్‌రే. డ్రిల్లు కొట్టినప్పుడు లేచే స్ఫటికం దుమ్ము లోపల మచ్చలు కట్టి ఊపిరిని బిగిస్తుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. మన దేశంలో చాలాచోట్ల చీటీ మీద క్షయ అని రాస్తారు. అలా రాస్తే గనికి జవాబుదారీ లేకుండా పోతుంది. ఇలాంటి ఎక్స్‌రేని తెర మీద రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే, అదీ కవిత్వమే, కాకపోతే సాక్ష్యం కూడా.

ఇదంతా పక్క రాష్ట్రం ముచ్చట కాదు. మా గుడుపల్లె వైపు చిగురుగుంట, బిసానత్తంలో ఆ సంస్థ గనులే ఉండేవి, కోలారుతో పాటే మూతపడ్డాయి. తర్వాత ఆ క్షేత్రాన్ని వేలంలో ఎన్ఎండీసీ దక్కించుకుంది. డ్రిల్లు మళ్ళీ దిగేముందు కెమెరా పట్టుకుని ఎవరైనా వస్తే, ఆ ఊళ్ళ బావి నీళ్ళూ, గనిలోకి పోబోయే పిల్లల ఎక్స్‌రేలూ ముందు తీసి పెట్టమనండి.