పది నిమిషాల్లో పట్టాల్సిన జబ్బు

ఇంగ్లండులో మనవాళ్ళు నలుగురు కలిస్తే జీపీల మీద, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ల మీద, ఒక జోకు పడాల్సిందే: ఏ జబ్బుకైనా పారాసిటమాలే మందట! నవ్వుకోవచ్చు గానీ, ఆ డాక్టరు ముందున్న లెక్క చూస్తే మన వృత్తిలో ఉన్నవాళ్ళకి కాస్త జాలి కలుగుతుంది.

పూర్తికాలం పనిచేసే జీపీకి ఏడాదికి తగిలే కొత్త క్యాన్సర్ కేసులు సుమారు 8. అదే ఏడాదిలో దగ్గు, నీరసం, కడుపునొప్పి అంటూ వచ్చేవాళ్ళు వేలల్లో ఉంటారు. మనిషికి పది నిమిషాలు. లాగ్ ఫైల్లో వేల వార్నింగుల మధ్య అసలు ఎర్రర్ని వెతకడమే ఇది.

మరి ఎంత అనుమానం ఉంటే స్పెషలిస్టుకి పంపాలి? 'నైస్' సంస్థ 2015 మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకి 3 శాతం దగ్గర గీత గీసింది. ఆ గీత మీదున్న వందమందిని పంపితే 97 మందికి క్యాన్సర్ ఉండదు. ఇంకా కిందికి దించితే స్కానింగు క్యూ పెరిగి, నిజంగా జబ్బున్నవాళ్ళే ఆగిపోతారు.

ఇక్కడ కంప్యూటర్లు బాగానే పనికొచ్చాయి. జీపీల రికార్డులు తవ్వి ఎగ్జిటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఒక సంగతి తేల్చారు. 40 దాటి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఏడాదిలోగా క్యాన్సర్ బయటపడింది మగవాళ్ళలో 11.6 శాతం మందికి, ఆడవాళ్ళలో 6.2 శాతం మందికి. మామూలు రక్తపరీక్షలో ఎప్పుడూ కనబడే అంకే అది! లక్షణాలన్నీ కలిపి రిస్కు లెక్కగట్టే 'క్యూక్యాన్సర్' లాంటి సాధనాలూ ఉన్నాయి. కాకపోతే తెరమీద అస్తమానం పాపప్ వస్తుంటే ఎవరైనా చదవకుండానే మూసేస్తారు. ఆ సంగతి మనకి ఒకరు చెప్పాలా?

నా ఉద్దేశంలో అసలు చిక్కు వేరేచోట ఉంది. వెళ్ళిన ప్రతిసారీ కొత్త డాక్టరు. ఏ విజిట్‌కి ఆ విజిట్ చూస్తే ఏమీ కనబడదు, వరసగా చదివితేనే కథ అర్థమవుతుంది. జెస్సికా బ్రేడీ అనే 27 ఏళ్ళ ఇంజనీరు ఆర్నెల్లలో దాదాపు 20 సార్లు జీపీ సర్జరీని సంప్రదించినా జబ్బు తేలలేదు. 2020 డిసెంబరులో క్యాన్సర్‌తో చనిపోయారు. 2025లో ఇంగ్లండులో తెచ్చిన 'జెస్ రూల్' ఆమె పేరు మీదే వచ్చింది. అదే బాధతో మూడోసారి వచ్చినా కారణం తేలకపోతే డాక్టరు మొదటినుంచీ మళ్ళీ ఆలోచించాలి. మెషీన్ లెర్నింగ్ లేదు, ఏమీ లేదు. ఉత్త కౌంటరు!

అమ్మనో నాన్ననో మనం వెంటబెట్టుకు వెళ్ళినప్పుడు ఆ కౌంటరు మన చేతిలోనే ఉంటుంది. 'అన్నం సయించట్లేదు' అన్న మాటని ఇంగ్లీషులో ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఎన్ని వారాలుగా, ఎన్ని కిలోలు తగ్గారు, రావడం ఇది ఎన్నోసారి అన్నది ముందే కాగితం మీద రాసుకెళ్ళండి. డాక్టరు 'తగ్గకపోతే రండి' అంటే, ఏ తారీఖుకల్లా తగ్గకపోతే రావాలో అక్కడే అడగండి.